నోటీసు మార్కాపురంలో.. నిర్ణయం అమరావతిలో

పురపాలక కార్మికుల వేతన చర్చల తీరు ఇదీ
పట్టణంలో తేలేవి కొన్ని.. తేలనివే ఎక్కువ

మార్కాపురం: పురపాలక కార్మికులు సమ్మె చేయదలచినప్పుడు తొలుత చేసే పని కార్యాలయ తపాలు విభాగంలో ఒక కాగితం అందజేసి, నకలు మీద ముద్ర వేయించుకోవడం. ఆ కాగితం కమిషనర్ పేరిట ఉంటుంది. అందులోని మొదటి డిమాండు వేతనానికి సంబంధించినదై ఉంటుంది. అయితే ఆ వేతనాన్ని ఒక్క రూపాయి పెంచే అధికారం కమిషనర్‌కు లేదు. చైర్‌పర్సన్‌కు లేదు, కౌన్సిల్ తీర్మానానికీ లేదు. పొరుగుసేవల సిబ్బందికి ఎంత చెల్లించాలన్నది రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే ఉత్తర్వును బట్టి నడుస్తుంది. అందువల్ల మార్కాపురం పురపాలక సంఘంలోనైనా, గిద్దలూరు నగర పంచాయతీలోనైనా వీధులూడ్చే కార్మికుడికి, జీతం నిర్ణయించే అధికారికి మధ్య ముఖాముఖి చర్చ అనేది జరగదు. ఇక్కడ ధర్నా, అక్కడ చర్చ. పదేళ్లుగా జరిగిన సమ్మెలన్నీ ఈ పద్ధతిలోనే సాగాయి.

పశ్చిమ ప్రకాశంలో ఈ చర్చల ఫలితం వర్తించే పట్టణాలు కొన్నే. మార్కాపురం పురపాలక సంఘం. గిద్దలూరు, కనిగిరి, పొదిలి నగర పంచాయతీలు. కంభం, యర్రగొండపాలెం వంటి పెద్ద ఊళ్లు గ్రామ పంచాయతీలుగానే ఉండిపోయినందున పురపాలక కార్మికుల ఒప్పందాలు వాటి సరిహద్దు దాటవు. కంభంలో చీపురు పట్టిన కార్మికురాలి పని గిద్దలూరులోని ఆమె పనికంటే తక్కువేమీ కాదు. కానీ ఆమె పేరు పంచాయతీరాజ్ శాఖ పద్దులో ఉన్నందున పురపాలక శాఖ మంత్రితో కుదిరిన ఒప్పందం ఆమెను తాకదు. రెండు ఊళ్ల మధ్య బస్సు దూరం కొద్దిపాటిదే. జీతాల మధ్య దూరం మాత్రం పెద్దది.

ఎవరు ఉద్యోగి.. ఎవరు పొరుగు?

పురపాలక సిబ్బందిలో మూడు తరగతులున్నాయి. మొదటిది పర్మినెంటు ఉద్యోగులు. వీరికి వేతన సవరణ సంఘం సిఫార్సులు, కరువు భత్యం, ఇంక్రిమెంట్లు వర్తిస్తాయి. రెండోది కాంట్రాక్టు సిబ్బంది. మూడోది పొరుగుసేవలు, అంటే ఔట్‌సోర్సింగ్. వీధులు ఊడ్చేవారు, కాలువల పూడిక తీసేవారు, చెత్త ట్రాక్టర్ల మీద పనిచేసేవారు, మోటార్ల వద్ద ఉండేవారు, నీరు వదిలేవారు, వీధిదీపాలు చూసేవారిలో అత్యధికులు ఈ మూడో తరగతికి చెందినవారే. పారిశుద్ధ్య కార్మికులలో దళితులు అధికం, మహిళలు గణనీయం.

ఈ తరగతులు ఒక్కరోజులో పుట్టినవి కావు. ఉమ్మడి రాష్ట్రంలో 1994లో వచ్చిన 2వ చట్టం దినవేతన నియామకాలకు తలుపు మూసింది. అదే ఏడాది ఏప్రిల్‌లో వెలువడిన 212వ నంబరు ఉత్తర్వు 1993 నవంబరు 25 నాటికి ఐదేళ్ల సర్వీసు నిండిన వారిని క్రమబద్ధీకరించేందుకు వీలు కల్పించింది. ఆ గడువు తరువాత చేరినవారు బయట మిగిలిపోయారు. పర్మినెంటు కార్మికులు ఒక్కొక్కరే పదవీ విరమణ చేస్తుండగా వారి స్థానాలు కాంట్రాక్టర్ల చేతికి పోయాయి. 2006 ఏప్రిల్‌లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన తీర్పు క్రమబద్ధీకరణ కోరేవారికి కోర్టుల మార్గాన్ని మరింత ఇరుకు చేసింది. 2016 అక్టోబరులో జగ్‌జీత్ సింగ్ కేసులో అదే న్యాయస్థానం సమాన పనికి సమాన వేతనం అనే సూత్రం తాత్కాలిక సిబ్బందికీ వర్తిస్తుందని చెప్పింది. యూనియన్ల కరపత్రాలలో రెండో తీర్పు కనిపిస్తుంది. ప్రభుత్వ న్యాయవాదుల వాదనల్లో మొదటిది వినిపిస్తుంది.

2023లో రాష్ట్ర ప్రభుత్వం కాంట్రాక్టు ఉద్యోగుల క్రమబద్ధీకరణకు చట్టం చేసింది. 2014 జూన్ 2ను గడువుగా పెట్టింది. అది కాంట్రాక్టు వారికి ఉద్దేశించినది. పొరుగుసేవల వారికి అందులో చోటు లేదు. మాటల్లో చిన్న తేడాగా కనిపించే ఈ రెండు పదాల మధ్య ఒక కుటుంబం జీవితకాలపు ఆదాయం ఆధారపడి ఉన్నది.

ఆప్కాస్ వచ్చాక మారినది

గతంలో కార్మికుడికి కనిపించే యజమాని కాంట్రాక్టరు లేదా ఏజెన్సీ. జీతం నెలల తరబడి ఆగినా, భవిష్య నిధి సొమ్ము జమ కాకపోయినా నిలదీయడానికి ఊళ్లోనే ఒక మనిషి ఉండేవాడు. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం ప్రకారం కాంట్రాక్టరు జీతం ఇవ్వకపోతే ప్రధాన యజమాని, అంటే పురపాలక సంఘం, చెల్లించి తరువాత అతని నుంచి రాబట్టుకోవాలి. ఈ నిబంధనను చూపి కమిషనర్ కార్యాలయం ముందు బైఠాయించడం నాటి యూనియన్లకు తెలిసిన మార్గం.

2020 జూలై 3న ప్రభుత్వం పొరుగుసేవల కార్పొరేషన్‌ను, అంటే ఆప్కాస్‌ను ప్రారంభించింది. దళారీ పోయి జీతం నేరుగా బ్యాంకు ఖాతాకు రావడం మొదలైంది. ఇది కార్మికులు కోరుకున్న మార్పే. అయితే దీనివల్ల చర్చల స్వరూపం మారిపోయిందన్న సంగతిని చాలామంది గమనించలేదు. నిలదీయదగిన స్థానిక యజమాని మాయమయ్యాడు. కార్మికుడు పని చేసేది పురపాలక సంఘానికి, కాగితం మీద ఉండేది కార్పొరేషన్‌లో, జీతం ఎంతో చెప్పేది ప్రభుత్వం. ముగ్గురిలో ఎవరిని అడిగినా మిగతా ఇద్దరి వైపు వేలు చూపే అవకాశం ఏర్పడింది.

మరో చిక్కు కూడా వచ్చి పడింది. ప్రభుత్వ సంస్థ నుంచి జీతం పొందుతున్నందున తెల్లకార్డు, అమ్మఒడి వంటి పథకాల జాబితాల వడపోతలో ఈ కుటుంబాలు ప్రభుత్వ ఉద్యోగుల గాటన పడ్డాయి. నాటి నిబంధనలలో పారిశుద్ధ్య కార్మికులకు మినహాయింపు ఇచ్చారు. అదే కార్యాలయంలో పనిచేసే మోటారు ఆపరేటరుకు, ఎలక్ట్రీషియన్‌కు ఆ మినహాయింపు లేదు. సంక్షేమ పథకాలు వర్తింపజేయాలన్నది ఆ తరువాతి ప్రతి వినతిపత్రంలోనూ చోటు చేసుకున్నది ఇందువల్లనే. ఉద్యోగ భద్రత అడిగితే పొరుగువారు, రేషన్ కార్డు అడిగితే ప్రభుత్వోద్యోగులు అన్నట్లుగా పరిస్థితి తయారైంది.

చట్టం ఏమన్నది?

పురపాలక సంఘం లాభం కోసం నడిచేది కాదు గనుక దాని కార్మికులకు పారిశ్రామిక వివాదాల చట్టం వర్తించదన్న వాదన ఒకప్పుడు ఉండేది. పశ్చిమ బెంగాల్‌లోని బజ్‌బజ్ పురపాలక సంఘం తన సిబ్బందిని తొలగించిన వ్యవహారంలో సుప్రీంకోర్టు 1953లోనే ఆ వాదనను తోసిపుచ్చింది. 1960లో నాగపూర్ కార్పొరేషన్ కేసు, 1978లో బెంగళూరు నీటి సరఫరా బోర్డు కేసు ఆ దారిని వెడల్పు చేశాయి. 1978 నాటి తీర్పును పునఃపరిశీలించవలసిందిగా 2017 జనవరిలో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనానికి నివేదించడం గమనార్హం.

1947 చట్టం ప్రకారం నీటి సరఫరా, పారిశుద్ధ్యం రెండూ ప్రజోపయోగ సేవలు. కనుక నోటీసు ఇచ్చిన 14 రోజుల లోపు సమ్మెకు దిగరాదు. నోటీసు ఇచ్చిన ఆరు వారాలలోగా దిగాలి. నోటీసు అందగానే కార్మిక శాఖ రాజీ అధికారి ఇరుపక్షాలను పిలిపించాలి. రాజీ చర్చలు నడుస్తుండగా, అవి ముగిసిన తరువాత ఏడు రోజుల వరకు కూడా సమ్మె చేయరాదు. 2025 నవంబరు 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్ అమలులోకి రావడంతో ఆరు వారాల స్థానంలో 60 రోజులు వచ్చాయి. 14 రోజుల గడువు మాత్రం అలాగే ఉండి, అన్ని పారిశ్రామిక సంస్థలకూ విస్తరించింది.

ఈ మొత్తంలో పాఠకుడు గుర్తుంచుకోదగిన అంశం ఒకటున్నది. పాత చట్టంలో రాజీ అధికారి సమక్షంలో 12(3) సెక్షను కింద కుదిరిన ఒప్పందానికి చట్టబద్ధత ఉండేది. ఆ యూనియన్‌లో సభ్యులు కానివారికి, తరువాత చేరిన కార్మికులకు కూడా అది వర్తించేది. ఉల్లంఘిస్తే శిక్ష ఉండేది. ఫ్యాక్టరీలలో యాజమాన్యాలు చేసుకునే ఒప్పందాలు ఈ కోవలోనివే. పురపాలక సమ్మెలు ముగిసే తీరు వేరు. సచివాలయంలో మంత్రుల బృందం యూనియన్ నాయకులతో కూర్చుంటుంది. అంగీకరించిన అంశాలతో మినిట్స్ రాసుకుంటారు. సమ్మె విరమిస్తారు. తరువాత ఉత్తర్వులు వెలువడాలి. మినిట్స్‌కూ, జీవోకూ మధ్య గడిచే కాలమే కార్మికులకు గండం. ఆ మధ్యలో ఆర్థిక శాఖ కొర్రీ పెట్టవచ్చు, శాఖ మంత్రి మారవచ్చు, ఎన్నికల నియమావళి రావచ్చు. వచ్చే ఏడాది నోటీసులో గత ఒప్పందాన్ని అమలు చేయాలన్న డిమాండు చేరడానికి కారణం ఇదే.

8,300 నుంచి 21,000 దాకా

రాష్ట్ర విభజన తరువాత పురపాలక కార్మికుల తొలి పెద్ద సమ్మె 2015 జూలై 10న మొదలై రెండు వారాలకు పైగా సాగింది. అప్పటి వేతనం నెలకు 8,300 రూపాయలు. ఆ ఏడాది అమలైన పదో వేతన సవరణలో ప్రభుత్వోద్యోగి కనీస మూల వేతనం 13,000గా నిర్ణయమైంది. దానిని గీటురాయిగా పెట్టుకొని యూనియన్లు చర్చలకు వెళ్లాయి. గోదావరి పుష్కరాలు జరుగుతున్న రోజులవి. పారిశుద్ధ్యంపై ప్రభుత్వానికి ఆదుర్దా సహజం. చివరకు 11,000 వద్ద రాజీ కుదిరింది. సీఐటీయూ, ఏఐటీయూసీ అనుబంధ సంఘాలతోపాటు ఇతర యూనియన్లు ఉమ్మడిగా కదలడం ఆ సమ్మెకు బలమైంది. అదే జూలైలో తెలంగాణలోనూ సమ్మె జరిగింది. అక్కడి ప్రభుత్వం గ్రేటర్ హైదరాబాద్ పారిశుద్ధ్య కార్మికుల వేతనాన్ని 8,500 నుంచి 12,500కు పెంచింది. రాజధానికి ఇచ్చినది చిన్న పట్టణాలకు ఇవ్వకపోవడంతో అక్కడి మిగతా పురపాలక సంఘాలలో అసంతృప్తి కొనసాగింది. ఆంధ్రప్రదేశ్‌లో ఒప్పందం రాష్ట్రమంతటికీ ఒక్కటే కావడం గిద్దలూరు వంటి చిన్న పట్టణాలకు మేలు చేసింది. తమ బలం మీద మాత్రమే ఆధారపడి ఉంటే కొద్దిమంది కార్మికులున్న నగర పంచాయతీకి ఆ మొత్తం దక్కేది కాదు.

2016 ఆగస్టులో వచ్చిన 151వ నంబరు ఉత్తర్వు పొరుగుసేవల చివరి శ్రేణికి 12,000గా నిర్ణయించింది. దానికంటే ముందే 2015 చివరలో వెలువడిన 279వ నంబరు ఉత్తర్వు మరో వివాదానికి తెర తీసింది. పట్టణాన్ని భాగాలుగా విడగొట్టి, మనుషుల లెక్కన గాక శుభ్రత ఫలితం లెక్కన కాంట్రాక్టర్లకు అప్పగించే విధానమది. జీతం కాస్త పెరిగినా కొలువే ఉండదన్న భయంతో కార్మికులు 2018 వరకు పలు దఫాలు ఆందోళనలకు, సమ్మెలకు దిగారు. వేతనం కోసం కాకుండా పని పద్ధతి కోసం జరిగిన పోరాటం గనుక ఇది ప్రత్యేకం. ఆప్కాస్ రావడంతో ఆ పద్ధతి వెనుకబడింది.

2019లో ప్రజారోగ్య కార్మికులకు 12,000 వేతనానికి తోడు 6,000 ఆరోగ్య భత్యం కలిపి 18,000 చేశారు. 2022 జనవరిలో పదకొండో వేతన సవరణ అమలుకు ఉత్తర్వులు రాగా, చివరి శ్రేణి పొరుగుసేవల వేతనం 15,000కు చేరింది. అక్కడే పేచీ మొదలైంది. వేతనం పెరిగిన తరువాత 6,000 భత్యం పూర్తిగా ఇవ్వాలా, కోత పెట్టాలా అన్నది వివాదం. ఒక చేతితో ఇచ్చి మరో చేతితో తీసుకుంటున్నారని కార్మికులు 2022 జూలై 11న సమ్మెకు దిగారు. వారం తిరగకముందే ప్రభుత్వం దిగివచ్చి 15,000కు 6,000 కలిపి 21,000 ఇచ్చేందుకు అంగీకరించింది. తక్కువ రోజులలోనే తేలిన సమ్మె ఇది. అడిగినది కొత్త వరం కాక, ఇచ్చినదాన్ని నిలబెట్టమన్న కోరిక కావడం దీనికి కారణం కావచ్చు.

2023 డిసెంబరు 26న మొదలైన సమ్మె మాత్రం సంక్రాంతి ముంగిట వరకు, పక్షం రోజులు నడిచింది. క్రమబద్ధీకరణ, సమాన పనికి సమాన వేతనం, ఇంజినీరింగ్ విభాగానికీ ఆరోగ్య భత్యం అప్పటి ప్రధాన కోర్కెలు. రాష్ట్రంలో అంగన్‌వాడీల సమ్మె కూడా అదే సమయంలో జరుగుతున్నది. 2024 జనవరి 6న ప్రభుత్వం అంగన్‌వాడీలపై అత్యవసర సేవల చట్టాన్ని ప్రయోగించింది. అయినా పురపాలక కార్మికులు వెనుకంజ వేయలేదు. మంత్రుల బృందంతో పలు దఫాల చర్చల అనంతరం 21,000 చెల్లింపు సహా కొన్ని అంశాలపై అంగీకారం కుదిరి విధులలో చేరారు. క్రమబద్ధీకరణ డిమాండు తేలకుండానే మిగిలింది.

ఈ సమ్మె నాటికి పురపాలక శాఖ మంత్రిగా ఉన్నది యర్రగొండపాలెం శాసనసభ్యుడు ఆదిమూలపు సురేష్. అంటే చర్చల బల్లకు అవతలివైపు కూర్చున్న నాయకుడు పశ్చిమ ప్రకాశానికే ప్రతినిధి. అయినప్పటికీ మార్కాపురం కార్మికుల నోటీసు నడిచిన దారి మారలేదు. మంత్రి మన ప్రాంతం వాడైతే పని తేలికవుతుందన్న సామాన్య నమ్మకానికి ఈ వ్యవస్థలో పెద్దగా ఆధారం లేదు. ఖజానా తాళం ఆర్థిక శాఖది.

అంకెల వెనుక

2015లో 11,000 అంటే ప్రభుత్వోద్యోగి కనీస మూల వేతనంలో 85 శాతానికి దగ్గర. 2022లో కనీస మూల వేతనం 20,000 కాగా, పొరుగుసేవల చివరి శ్రేణికి 15,000. అంటే 75 శాతం. రూపాయలు పెరిగాయి, నిష్పత్తి తగ్గింది. పర్మినెంటు వారికి మూల వేతనం పైన కరువు భత్యం, ఇంటి అద్దె అదనం గనుక అసలు తేడా ఇంతకంటే ఎక్కువ. పారిశుద్ధ్య కార్మికులకు 6,000 భత్యం ఈ లోటును కప్పుతున్నది. ఆ భత్యం లేని ఇంజినీరింగ్ కార్మికుల విషయంలో లోటు బట్టబయలు. 2025 జూలైలో వారు విడిగా సమ్మెకు దిగిన నేపథ్యం ఇదే.

భత్యం వేరు, వేతనం వేరు అన్నది కూడా చిన్న విషయం కాదు. 15,000 మీద 12 శాతం చొప్పున భవిష్య నిధికి కార్మికుడి వాటా 1,800. భవిష్య నిధి చట్టపు తప్పనిసరి పరిమితి కూడా 15,000 కావడంతో ఆ పైన వచ్చే 6,000 ముసలితనపు పొదుపులోకి తప్పనిసరిగా చేరదు. ఈఎస్ఐ పరిమితి సంగతి మరీ విచిత్రం. 2017 జనవరి 1న ఆ పరిమితిని 15,000 నుంచి 21,000కు పెంచారు. 2022లో కుదిరిన మొత్తం సరిగ్గా 21,000. పరిమితి కదలకుండా జీతం ఆ గీత దాటితే వైద్య రక్షణ ప్రశ్నార్థకమవుతుంది. మురుగు కాలువలో దిగేవారికి చర్మరోగాలు, శ్వాసకోశ వ్యాధులు తప్పవు గనుక వీరికి ఈఎస్ఐ కార్డు అలంకారం కాదు. జీతం పెంచమని అడిగేటప్పుడు ఏ రూపంలో పెంచాలో కూడా అడగవలసిన పరిస్థితి అది.

ఊళ్లో తేలేవి

వేతనం పక్కన పెడితే, కమిషనర్ గదిలో తేలగల అంశాలు తక్కువేమీ కావు. పత్రికల్లో ఇవి పెద్దగా కనిపించవు. తెల్లవారుజామున మస్టర్ ఎన్ని గంటలకు, ఒక్కో కార్మికురాలికి ఎన్ని వీధులు, వారాంతపు సెలవు వంతులవారీగా ఎలా, పండుగ రోజు పనికి బదులు సెలవు ఇస్తారా లేదా అన్నవి ఇక్కడే నిర్ణయమవుతాయి. చేతి తొడుగులు, బూట్లు, యూనిఫాం, సబ్బులు, కొబ్బరినూనె సకాలంలో ఇవ్వడం, చీపుళ్లు, పారలు, తట్టలు కొనడం, ట్రాక్టరు మరమ్మతు చేయించడం కూడా అంతే. కొబ్బరినూనె కోసం ధర్నా ఏమిటని నవ్వేవారున్నారు. మురుగునీటిలో గంటల తరబడి నానిన చేతులకు అది మందుతో సమానమన్న సంగతి వారికి తెలియదు.

మార్కాపురంలో చెన్నకేశవస్వామి తిరునాళ్ల వంటి సందర్భాలలో పని రెట్టింపవుతుంది. అదనపు మనుషులను తాత్కాలికంగా పెట్టడమా, ఉన్నవారితోనే రెండు పూటలా చేయించడమా అన్నది స్థానిక చర్చకు వచ్చే విషయమే. 2011 జనాభా లెక్కల ప్రకారం మార్కాపురంలో 71 వేల మందికి పైగా, గిద్దలూరులో 35 వేల మందికి పైగా ఉన్నారు. ఆ తరువాత శివారు కాలనీలు పెరిగాయి. కొత్త వీధులకు తగినట్లు కార్మికుల సంఖ్యను పెంచాలంటే మాత్రం కమిషనర్ ప్రతిపాదన పంపగలరు తప్ప మంజూరు చేయలేరు.

భవిష్య నిధి ఖాతాల చిక్కు మరొకటి. కాంట్రాక్టర్లు మారినప్పుడల్లా కొత్త నంబరు ఇచ్చిన కాలంలో ఒకే కార్మికుడికి రెండు మూడు ఖాతాలు ఏర్పడిన సందర్భాలున్నాయి. ఆధార్‌లో ఒక స్పెల్లింగు, మస్టర్‌లో మరొకటి ఉంటే సొమ్ము చేతికందదు. ఇంటిపేరులో ఒక్క అక్షరం సరిచేయించడానికి కార్యాలయం చుట్టూ నెలల తరబడి తిరగవలసి వస్తుంది. దీనికి సచివాలయం అక్కరలేదు. గుమాస్తా ఒక పూట కూర్చుంటే చాలు. యూనియన్ స్థానిక శాఖ సత్తా ఎంతో తెలిసేది ఇటువంటి చోటనే.

స్థానికంగా మాట్లాడదగిన ప్రజాప్రతినిధి ఎప్పుడూ ఉంటాడన్న హామీ కూడా లేదు. 2014లో ఎన్నికైన కౌన్సిళ్ల గడువు 2019లో ముగిసింది. 2021 మార్చి 10న తిరిగి పోలింగు జరిగే వరకు పట్టణాలు ప్రత్యేకాధికారుల పాలనలో గడిచాయి. ఆప్కాస్ వచ్చినదీ, కొవిడ్ తొలి దశలో పారిశుద్ధ్య కార్మికులు ప్రాణాలకు తెగించి వీధుల్లో పనిచేసినదీ ఆ కాలంలోనే.

నీరు ఆగితే..

ఈ ప్రాంతానికే చెందిన మరో అంశమున్నది. కరవు, ఫ్లోరైడ్ పీడిత ప్రాంతమైన పశ్చిమ ప్రకాశంలో పురపాలక సంఘం అంటే ప్రజలకు మొదట గుర్తొచ్చేది చెత్తబండి కాదు, నీటి ట్యాంకరు. 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ ప్రాజెక్టు కోసం ఒక తరం ఎదురుచూసింది. చెత్త పేరుకుంటే మూడో రోజుకు గాని ఊరు ముక్కు మూసుకోదు. నీరు వదిలే కార్మికుడు చేయి ఎత్తేస్తే మరుసటి పూటకే బిందెలు రోడ్డెక్కుతాయి.

కాబట్టి ఇంజినీరింగ్ కార్మికుల చేతిలో బలమైన ఆయుధమున్నట్లే. కానీ దాన్ని వాడడం కష్టం. నీరు లేని ఊళ్లో నీరు ఆపితే జనం కార్మికుల పక్షాన నిలవరు. కార్మికుల ఇళ్లకూ ఆ నీరే రావాలి. అధికారులు సైతం పారిశుద్ధ్య సమ్మె కంటే నీటి సరఫరా సమ్మెను తొందరగా శాంతిభద్రతల సమస్యగా చూస్తారు. పారిశుద్ధ్య విభాగంలో ప్రైవేటు మనుషులను దించి పోలీసు బందోబస్తుతో ట్రాక్టర్లు నడిపించడం ప్రతి సమ్మెలో చూస్తున్నదే. ఏ వాల్వు ఎక్కడున్నదో, ఏ వీధికి ఎంతసేపు వదలాలో తెలిసిన మనిషికి బదులు మనిషిని తేవడం అంత సులువు కాదు. ఇంత నైపుణ్యమున్నవారు భత్యం విషయంలో వెనుకబడి ఉండడం ఈ బేరంలోని వైపరీత్యం.

అమెరికాలో నగర పాలక సంస్థలు కార్మికుల విషయంలో మరో దారి తొక్కాయి. 1968 ఫిబ్రవరి 12న మెంఫిస్ నగరంలో సుమారు 1,300 మంది పారిశుద్ధ్య కార్మికులు సమ్మెకు దిగారు. చెత్తబండిలో నలిగి ఇద్దరు కార్మికులు మరణించిన ఉదంతం దానికి తక్షణ కారణం. వారికి మద్దతుగా వెళ్లిన మార్టిన్ లూథర్ కింగ్ ఏప్రిల్ 4న ఆ నగరంలోనే హత్యకు గురయ్యారు. ఏప్రిల్ 16న సమ్మె ముగిసింది. యూనియన్‌ను గుర్తించి, వేతనం పెంచుతూ ఒప్పందం చేసుకున్నది ఆ నగర పాలక సంస్థే. న్యూయార్క్ రాష్ట్రంలో 1967 నాటి టేలర్ చట్టం ప్రభుత్వ సిబ్బంది సమ్మెను నిషేధించింది. అయితే యజమాని తప్పనిసరిగా చర్చలకు కూర్చోవాలన్నది. గడువు తీరినా కొత్త ఒప్పందం వచ్చేవరకు పాత షరతులు కొనసాగాలని 1982లో దానికి సవరణ చేర్చారు. మన వద్ద సమ్మె చేయవచ్చు గాని, ఇన్నేళ్లకొకసారి కూర్చొని సంతకాలు చేయాలన్న నియమం లేదు. ప్రభుత్వోద్యోగుల సంప్రదింపుల హక్కుకు సంబంధించిన అంతర్జాతీయ కార్మిక సంస్థ 151వ ఒడంబడికను భారత్ ఆమోదించనూ లేదు.

కొత్త కోడ్‌తో మారేది

పారిశ్రామిక సంబంధాల కోడ్ ఒక కొత్త ప్రశ్నను తెచ్చింది. ఒక సంస్థలో 51 శాతం సభ్యత్వమున్న యూనియన్ ఏకైక చర్చల యూనియన్ అవుతుంది. ఎవరికీ అంత బలం లేకపోతే కనీసం 20 శాతం చొప్పున సభ్యత్వమున్న యూనియన్లతో చర్చల మండలి ఏర్పడుతుంది. పురపాలక రంగంలో సీఐటీయూ, ఏఐటీయూసీ, ఐఎఫ్‌టీయూ అనుబంధ సంఘాలు, ఇతర యూనియన్లు పనిచేస్తున్నాయి. 2015లో మాదిరిగా అందరూ ఉమ్మడిగా వెళ్లినంతకాలం ఎవరి బలం ఎంత అన్న లెక్క అవసరం రాలేదు. ఇకపై ఆ లెక్క కాగితం మీదకు రావలసి ఉంటుంది.

ఆ లెక్క ఏ స్థాయిలో తీస్తారన్నది కీలకం. సంస్థ అంటే మార్కాపురం పురపాలక సంఘమని తీసుకుంటే స్థానికంగా గుర్తింపు పొందిన యూనియన్‌కు, వేతనం నిర్ణయించలేని కమిషనర్‌తో చర్చించే హక్కు లభిస్తుంది. ఆప్కాస్ అని తీసుకుంటే పురపాలక కార్మికులు ఇతర శాఖల పొరుగుసేవల సిబ్బందితో కలిసిపోతారు. గిద్దలూరు వంటి చోట ఉన్న కొద్దిమంది గొంతు ఎవరికి వినిపించాలన్నది అప్పుడు మరో సమస్య.

ఇదిలా ఉండగా 1970 వరకు కర్నూలు, నెల్లూరు జిల్లాలలో, ఆ తరువాత ఒంగోలు కేంద్రంగా ఉన్న జిల్లాలో కొనసాగిన ఈ ప్రాంతానికి మార్కాపురం కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పాటు చేయాలని ప్రభుత్వం 2025 చివరలో నిర్ణయించింది. రాజీ చర్చలకు సుమారు వంద కిలోమీటర్ల దూరంలోని ఒంగోలుకు వెళ్లే కార్మికులకు, కార్మిక శాఖ జిల్లా కార్యాలయం దగ్గరకు వస్తే ఒకరోజు కూలి, బస్సు చార్జీలు మిగులుతాయి. సభ్యత్వ రికార్డులు, రసీదు పుస్తకాలు సక్రమంగా ఉంచుకున్న శాఖలకు ఆ కార్యాలయంలో మొదట పని పడేది యూనియన్ల సభ్యత్వ పరిశీలన నాడే.